పాత పికప్ ట్రక్కు బెడ్‌కి చెక్క ఫ్లోరా, స్టీలు ఫ్లోరా: పరీక్ష నుంచి బిగింపు దాకా

పాత షెవర్లే సి-10 గానీ, ఫోర్డ్ ఎఫ్-100 గానీ కొని ఇంటికి తెచ్చుకున్నవాళ్లు ఇంజను గురించి నెలల తరబడి ఆలోచిస్తారు. రంగు గురించి ఇంటిల్లిపాదినీ అడుగుతారు. బెడ్ ఫ్లోర్, అంటే వెనక సామాను వేసే తొట్టి అడుగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ఏదో కార్ షోలో తళతళలాడే ఓక్ పలకలు చూసి అదే కావాలని తేల్చేస్తారు. లేదా చెక్క పుచ్చిపోతుందన్న భయంతో స్టీలు వేయించేస్తారు. నన్నడిగితే ఈ రెండూ తొందరపాటే. ఫ్లోర్ సంగతి బెడ్ పక్కన నిలబడి చూస్తే తేలదు, బండి కింద పడుకుని పైకి చూస్తే తేలుతుంది. ఫ్లోర్‌ని మోసే అడ్డ దూలాలు ఏ రకానివి, నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి, బండి రాత్రిళ్లు ఎక్కడ ఉంటుంది? ఈ మూడింటికి జవాబు దొరికితే చెక్కా స్టీలా అన్నది దానంతటదే తేలిపోతుంది.

డల్లస్‌లోనో న్యూజెర్సీలోనో సొంత గరాజ్‌లో ఇలాంటి బండి బాగుచేసుకునే తెలుగువాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. బండ్లు అమెరికావి కాబట్టి కొలతలు ఎక్కువగా అంగుళాల్లోనే ఉంటాయి.

ముందు, ఏ బండికి ఏది వచ్చిందో

పాత పికప్‌లలో చెక్క ఫ్లోర్ అలంకారం కోసం పెట్టింది కాదు. ఛాసిస్ మీద అడ్డంగా స్టీలు దూలాలు, వాటి మీద బండి పొడవునా పలకలు, పలకల మధ్య సందుల మీద సన్నటి స్టీలు పట్టీలు. పట్టీల్లోంచి దిగిన బోల్టులు పలకల సందుల్లోంచి దూలంలోకి వెళ్లి అంతటినీ నొక్కి పట్టుకుంటాయి. విజయవాడ ఆటోనగర్‌లో చెక్క లారీ బాడీలు కట్టడం చూసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. పెట్టెలు, పీపాలు ఆ పట్టీల మీద జారుతూ లోపలికి పోతాయి, చెక్క అరగదు. ఒక పలక విరిగితే అదొక్కటే మార్చుకోవచ్చు. వాన నీళ్లు సందుల్లోంచి కిందికి కారిపోతాయి.

ఫోర్డ్ 1953–56 ఎఫ్-100లలో ఈ చెక్క ఫ్లోరే వచ్చింది. 1957లో నున్నటి పక్కలున్న స్టైల్‌సైడ్ బెడ్ వచ్చాక స్టీలు ఫ్లోర్ ముందుకొచ్చింది. ఫెండర్లు బయటికి కనబడే ఫ్లేర్‌సైడ్‌లో చెక్క ఆ తర్వాత కూడా కొనసాగింది. షెవర్లే 1958లో ఫ్లీట్‌సైడ్ అనే నున్నటి పక్కల బెడ్ తెచ్చినా చెక్కను వెంటనే వదల్లేదు. 1967–72 తరం ఫ్లీట్‌సైడ్‌లు ఫ్యాక్టరీ నుంచే చెక్కతోనూ వచ్చాయి, స్టీలుతోనూ వచ్చాయి. అందుకే ఈ వాదన ఎక్కువగా నడిచేది ఆ తరం బండ్ల మీదే. ఫెండర్లు బయటికి కనబడే షెవర్లే స్టెప్‌సైడ్‌లోనైతే 1987 దాకా చెక్కే. డాడ్జ్ 1978, 79లలో తెచ్చిన లిల్ రెడ్ ఎక్స్‌ప్రెస్‌లో ఫ్లోర్‌తో పాటు బెడ్ పక్కలకూ టెయిల్‌గేట్‌కూ ఓక్ చెక్క అలంకరణ ఉంది. అప్పటికే చెక్క పాతకాలపు అందంగా మారిపోయిందనడానికి అది గుర్తు.

ఫ్యాక్టరీలో వేసిన పలకలకు వార్నిష్ మెరుపు ఉండేది కాదు. షెవర్లేలో ఎక్కువగా దక్షిణాది యెల్లో పైన్ వాడి నల్ల రంగు పూసేవారు. అద్దంలా మెరిసే ఓక్ ఫ్లోర్ తర్వాతి తరం రెస్టోరేషన్ వాళ్ల అభిరుచి. అందులో తప్పేమీ లేదు. కాకపోతే అచ్చం ఫ్యాక్టరీ రూపం కావాలనుకునేవాళ్లు ఓక్‌కి డబ్బు పోయనక్కర్లేదు, పైన్, నల్ల రంగు చాలు.

మొదటి మెట్టు: కింద పడుకుని చూడండి

జాక్ మీద ఆధారపడి బండి కిందికి దూరకండి. జాక్ స్టాండ్‌లు పెట్టి, చక్రాలకు అడ్డు వేసి, అప్పుడు దూరండి. టార్చి, గట్టి స్క్రూడ్రైవర్, చిన్న సుత్తి, అయస్కాంతం, సుద్దముక్క పట్టుకెళ్లండి.

చెక్క ఫ్లోర్ అయితే మొదట టెయిల్‌గేట్ దగ్గర పలకల చివర్లు చూడండి. పలకలో నీళ్లు పీల్చేది ముఖ్యంగా దాని కోసిన చివరే. స్క్రూడ్రైవర్ మొన ఆనించి బొటనవేలితో నొక్కండి. మంచి చెక్క మొనను ఆపేస్తుంది, చిన్న గంటు మాత్రం పడుతుంది. పుచ్చిన చెక్కలోకి మొన శబ్దం లేకుండా దిగిపోతుంది, బయటికి లాగితే తడి పొట్టు అంటుకుని వస్తుంది. ఎంత లోతు దిగిందో అక్కడే సుద్దతో రాయండి. అదే పరీక్ష ముందువైపు, క్యాబ్ వెనకాల బెడ్ గోడ ఆనే చోట, బెడ్‌ని ఛాసిస్‌కి బిగించే పెద్ద బోల్టుల చుట్టూ కూడా చేయండి. నడిమధ్యలో పలకలు సాధారణంగా బాగానే ఉంటాయి.

స్టీలు ఫ్లోర్‌లో చూడవలసిన చోటు వేరు. పైనుంచి చూస్తే గీతలు, సొట్టలు కనిపిస్తాయి, వాటితో పెద్ద ప్రమాదం లేదు. ప్రమాదమంతా రేకుకీ దూలానికీ మధ్య. రెండింటినీ స్పాట్ వెల్డ్‌లతో, అంటే చుక్కలు చుక్కలుగా వేసే వెల్డ్‌లతో అతుకుతారు కాబట్టి మధ్యలో వెంట్రుకంత సందు మిగులుతుంది. చక్రాలు చిమ్మిన మట్టి అందులోకి చేరుతుంది, ఆ మట్టి తడిని పట్టుకుని కూర్చుంటుంది, అక్కడికి రంగు ఏనాడూ వెళ్లలేదు. కింద నుంచి టార్చి వేసి దూలం అంచు వెంబడి చూడండి. రేకు పొరలు పొరలుగా ఉబ్బి ఉంటే లోపల తుప్పు బాగా పనిచేసినట్టే. మధ్యాహ్నం వెలుతురులో కింద పడుకుని చూస్తే, దూలం పక్కనే వరసగా సూదిబెజ్జాల్లాంటి వెలుగు చుక్కలు కనిపించవచ్చు. పైన ఎంత మంచి రంగున్నా ఆ వరస కనిపిస్తే ఆ భాగం పోయినట్టే లెక్క. సుత్తితో నెమ్మదిగా తట్టండి. మంచి రేకు ఖంగున మోగుతుంది, తుప్పుపట్టింది మొద్దుగా పలుకుతుంది. అయస్కాంతం సరిగా అతుక్కోని చోట పుట్టీ నింపారని అర్థం.

పైన ప్లాస్టిక్ లైనర్ పరిచి ఉంటే దాన్ని తీయకుండా ఏ నిర్ణయానికీ రాకండి. లైనర్ కిందికి చేరిన ఇసుక, బండి కదిలినప్పుడల్లా రంగును రాస్తూనే ఉంటుంది, నీళ్లు ఆరవు.

ఇక దూలాలు. ఒక్కో దూలాన్నీ విడిగా చూసి, ఛాసిస్ మీద ఆనే చోట గట్టిగా ఉందో లేదో తేల్చుకోండి. బండి మొదట ఏ ఫ్లోర్‌తో పుట్టిందో కూడా ఇవే చెబుతాయి. పట్టీ బోల్టుల కోసం వరసగా బెజ్జాలున్న దూలాలు చెక్క ఫ్లోర్‌వి. వెల్డ్ మచ్చలుంటే స్టీలుది. జనరల్ మోటార్స్ బండ్లలో గ్లవ్ బాక్స్ తలుపు లోపల ఫ్యాక్టరీ ఆప్షన్ల స్టిక్కర్ మిగిలి ఉంటే అదీ చూడండి.

రెండో మెట్టు: తేల్చుకోవడం

మొదట బరువు అపోహ తీసేద్దాం. చెక్క తేలిక, స్టీలు బరువు అని చాలామంది నమ్మకం. ఫ్లోర్ విస్తీర్ణం 2.4 చదరపు మీటర్లు అనుకోండి. ముప్పావు అంగుళం, అంటే 19 మి.మీ. మందం ఓక్ పలకలు, ఘనపు మీటరుకి 700 కిలోల లెక్కన, సుమారు 32 కిలోలు. 16 గేజ్ స్టీలు, అంటే 1.5 మి.మీ. రేకు, అదే విస్తీర్ణానికి 28 కిలోలు. రేకులో ముడతలు ఉంటాయి కాబట్టి ఇంకొంచెం పెరుగుతుంది. చెక్కకు స్టీలు పట్టీల బరువు కలుస్తుంది. మొత్తం మీద రెండూ ఒకటే. బరువును బట్టి నిర్ణయించుకోకండి.

నిర్ణయించేది వాడకమూ, బండి పడుకునే చోటూ. వారానికోసారి కంకర, మట్టి, కట్టెలు మోసే బండికి స్టీలే సరి. పారతో మట్టి లాగేటప్పుడు పట్టీల అంచులకు పార తగులుతూ విసిగిస్తుంది, సందుల్లో కంకర ఇరుక్కుంటుంది. గరాజ్‌లో నిద్రపోయి ఆదివారాలు బయటికి వచ్చే బండికి, చెక్కతో పుట్టినదైతే, చెక్కే వేయండి. ఆరుబయట ఎండావానల్లో ఉండే బండికి వార్నిష్ వేసిన చెక్క వద్దే వద్దు. అరిజోనా ఎండకు ఆ పూత పగిలి లేస్తుంది, హ్యూస్టన్ తేమకు చెక్క ఉబ్బుతుంది. అలాంటి చోట చెక్క కావాలంటే రంగు పూసిన చెక్కగానీ, నూనె పట్టించిన చెక్కగానీ పెట్టుకోండి. మిషిగన్, ఒహాయో, న్యూజెర్సీల్లో చలికాలం రోడ్డు మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు చెక్క కన్నా ముందు దూలాలనే తింటుంది కాబట్టి, అక్కడ ఏ ఫ్లోర్ వేసినా కింద పూత పైపూత కన్నా ముఖ్యం.

స్టీలుతో పుట్టిన ఫ్లీట్‌సైడ్‌లో చెక్క వేయాలనుకునేవాళ్లు ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. స్టీలు ఫ్లోర్ తనంతట తానే బెడ్‌ని బిగువుగా ఉంచుతుంది. దాన్ని కోసి, పాత దూలాల మీదే పలకలు పరిస్తే ఎత్తులు కుదరవు, పక్క గోడలకు ఆధారం ఉండదు. చెక్క ఫ్లోర్ దూలాలు, పక్కల కోణపు పట్టీలు, కొన్ని బండ్లకు ముందు గోడ కూడా మార్చాలి. ఇవన్నీ కలిపి కిట్‌లుగా అమ్ముతారు. డబ్బూ ఓపికా ఉంటే చేయించుకోవచ్చు గానీ, స్టీలు ఫ్లోర్ గట్టిగా ఉన్న బండిని ఫొటోల అందం కోసం కోసేయడం నాకు మనస్కరించదు. అలాగే పాత చెక్క బండికి పలకల స్థానంలో రేకు పరచడం కూడా. బండి దేనికోసం పుట్టిందో దాన్నే బాగుచేస్తే పని సగం తగ్గుతుంది.

పెట్రోలు ట్యాంకు సంగతి కూడా ఇక్కడే ఆలోచించుకోండి. 1972 దాకా షెవర్లే పికప్‌లలో ట్యాంకు క్యాబ్ లోపల సీటు వెనకే ఉండేది. చాలామంది దాన్ని తీసి బెడ్ కింద ఛాసిస్ మధ్యలోకి మారుస్తారు. మీకూ ఆ ఆలోచన ఉంటే, పెట్రోలు పోసే మూత ఫ్లోర్‌లో ఎక్కడ రావాలో పలకలు కోయకముందే గుర్తుపెట్టుకోవాలి.

మూడో మెట్టు: బెడ్‌ని విప్పడం

విప్పకముందు ఫొటోలు తీయండి. ప్రతి బోల్టూ, ప్రతి వాషరూ, క్యాబ్‌కీ బెడ్‌కీ మధ్య సందు పైనా కిందా ఎంతుందో. బ్యాటరీ తీగ ఊడదీయండి. టెయిల్ ల్యాంపుల తీగలు, ఎర్త్ తీగ విప్పండి. 1973 తర్వాతి బండ్లలో పెట్రోలు పోసే గొట్టం బెడ్ పక్కకు బిగించి ఉంటుంది, అదీ విప్పాలి.

ఛాసిస్ బోల్టులు తుప్పుతో బిగుసుకుపోయి ఉంటాయి. రెండు మూడు రోజుల ముందు నుంచే తుప్పు వదిలించే నూనె చల్లుతూ ఉండండి. చెక్క ఫ్లోర్‌లో బోల్టు తల కింద చెక్క పుచ్చి ఉంటే నట్టు తిప్పగానే బోల్టు కూడా తిరుగుతుంది. కుస్తీ పట్టకుండా గ్రైండర్‌తో నట్టు కోసేయండి. కొత్త బోల్టులు ఎలాగూ వేయాలి. టెయిల్‌గేట్ ముందే తీసేసి, నలుగురు మనుషులు నాలుగు మూలలు పట్టుకుంటే బెడ్ లేస్తుంది.

బెడ్ కింద పెట్టాక, ఫ్లోర్ తీయకముందే, ఒక మూల నుంచి ఎదురు మూలకు టేపు పట్టి రెండు కర్ణాలూ కొలిచి రాసుకోండి. ఫ్లోర్ తీస్తే బెడ్ వదులవుతుంది. తిరిగి బిగించేటప్పుడు రెండు కర్ణాలూ సమానంగా వస్తేనే టెయిల్‌గేట్ సరిగ్గా పడుతుంది. పక్క గోడల మధ్య ఒక చెక్క దుంగో, ఇనుప కోణమో తాత్కాలికంగా బిగిస్తే ఇంకా మంచిది.

చెక్క దారి: కలప ఎంపిక

ఈ భాగంలో తొందర పనికిరాదు, తర్వాత పదేళ్లూ ఈ ఎంపిక మీదే నిలుస్తాయి.

రెడ్ ఓక్ చవక, అన్ని చోట్లా దొరుకుతుంది. కానీ దాని నాళాలు తెరుచుకుని ఉంటాయి. చిన్న రెడ్ ఓక్ ముక్క ఒక చివర సబ్బు నీళ్లు రాసి, రెండో చివర నోరు పెట్టి ఊదితే బుడగలు వస్తాయి. గాలి పోయే దారిలో నీళ్లూ పోతాయి. వైట్ ఓక్ చేవలో ఆ నాళాలు సహజంగానే పూడిపోయి ఉంటాయి. పీపాలకూ పడవలకూ దాన్ని వాడింది అందుకే. డబ్బు కొంచెం ఎక్కువైనా నేను చెప్పేది వైట్ ఓక్. యాష్ చెక్క గట్టిదే, చూడ్డానికి బాగుంటుంది, కానీ తడికి త్వరగా పుచ్చుతుంది. గరాజ్ బండికి తప్ప వద్దు. నల్ల రంగు పూసేటట్టయితే యెల్లో పైన్. టేకు అన్నిటికన్నా మన్నుతుంది గానీ అమెరికాలో దాని ధర చాలా ఎక్కువ, పైగా దానిలోని నూనె వల్ల వార్నిష్ అంత తేలిగ్గా పట్టదు. ఇపే అనే దక్షిణ అమెరికా కలప రాయిలా ఉంటుంది, బాగా బరువు, రంపాల పళ్లు పోతాయి. ఇంటి డెక్‌లకు వాడే రాగి మందు పట్టించిన చెక్కను మాత్రం తీసుకోవద్దు. ఆ రాగి స్టీలు పట్టీలనూ బోల్టులనూ తినేస్తుంది.

చెక్క పొడవునా దాదాపు పెరగదు, అడ్డంగా పెరుగుతుంది. 6 అంగుళాల వెడల్పున్న మామూలు కోత రెడ్ ఓక్ పలకలో తేమ 8 శాతం నుంచి 12 శాతానికి పెరిగితే వెడల్పు సుమారు 2.2 మి.మీ. పెరుగుతుంది. ఎనిమిది పలకలకు కలిపి 18 మి.మీ. దగ్గర. పలకల మధ్య సందు ఉంచకుండా బిగిస్తే ఈ పెరుగుదలకు చోటు లేక పలకలు లేస్తాయి, లేదా పక్క గోడలను తోస్తాయి. క్వార్టర్ సాన్ అనే కోత, అంటే వలయాలు పలక మందంలో నిలువుగా కనిపించే కోత దొరికితే, ఈ పెరుగుదల సగం కన్నా తగ్గుతుంది. మామూలు కోత పలకలైతే చివర వలయాలు చూసి, బెరడు వైపు పైకి వచ్చేలా పరచండి. ఆరేటప్పుడు లేవాలని చూసేది అంచులే, అంచుల మీద ఎలాగూ పట్టీలు కూర్చుంటాయి.

కొత్త పలకలను తెచ్చిన రోజే కోయకండి. మధ్య మధ్య చిన్న చెక్క ముక్కలు పెట్టి, గాలి ఆడేలా గరాజ్‌లో రెండు వారాలు పేర్చి ఉంచండి. తేమ మీటరు ఉంటే 9 నుంచి 12 శాతం మధ్య ఉండేలా చూసుకోండి.

కిట్ కొంటే పలకలు కోసి, అంచుల గాడి తీసి వస్తాయి. సొంతంగా చేసుకునేవాళ్లు పాత పలకలే నమూనాగా వాడండి. ఎంత పుచ్చినా సరే, అన్నీ ముక్కలై పోకముందే ఒక్కొక్కటీ కొలిచి రాసుకోండి. మందం ముప్పావు అంగుళమా, ఇంకొంచెం ఎక్కువా అన్నది బండిని బట్టి మారుతుంది. పట్టీ కూర్చునే గాడి లోతు మరీ ఎక్కువైతే పట్టీ దిగిపోయి సామాను నేరుగా చెక్క మీద రాసుకుంటుంది. పట్టీ పలక కన్నా కాస్త పైకే ఉండాలి.

చెక్క దారి: పూత

బెజ్జాలన్నీ వేసి, ఒకసారి బెడ్‌లో పొడిగా పరిచి చూసుకున్నాకే పూత మొదలెట్టాలి. పూత అయ్యాక వేసిన ప్రతి బెజ్జమూ నీటికి ఇచ్చిన కొత్త దారే.

ఉప్పుకాగితం 80తో మొదలెట్టి 120, 150 దాకా పట్టండి. నూనె పట్టించేటట్టయితే ఇంకా నున్నగా చేయకండి, నూనె లోపలికి దిగదు. దుమ్ము తుడిచాక మొదటి పూత పలుచగా, చెక్క తాగినంత. పలకకు ఆరు ముఖాలున్నాయి. పైముఖం ఒక్కటే మెరిపించి కింది ముఖం వదిలేస్తే, కింది నుంచి తేమ తాగి పలక వంకర తిరుగుతుంది. చివర్లకు మిగతా వాటికన్నా రెండు పూతలు ఎక్కువ వేయండి. బోల్టు బెజ్జాల లోపలి గోడలకు సన్నటి కుంచెతో పూయండి.

పూతల్లో నాకు నచ్చిన వరస: వార్నిష్ మెరుపు కావాలంటే పడవలకు వాడే స్పార్ వార్నిష్, అతినీలలోహిత కిరణాలను ఆపేది, కనీసం నాలుగైదు పూతలు, మధ్యలో 220 కాగితంతో తేలిగ్గా గరుకు చేస్తూ. మెరుపు అక్కర్లేనివాళ్లకు చెక్కలోకి దిగే నూనె చాలా మంచిది, మళ్లీ పట్టించడానికి పాతది గీకనక్కర్లేదు. వార్నిష్ ఒకచోట పగిలితే ఆ పలక మొత్తం గీకాలి. ఎపాక్సీ వాడేవాళ్లు ఎండ తగిలే చోట దాని మీద అతినీలలోహిత రక్షణ ఉన్న క్లియర్ పూత తప్పకుండా వేయాలి, లేకపోతే పసుపెక్కి పొడిపొడిగా రాలుతుంది.

లిన్సీడ్ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి. అవి వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఒక్కో గుడ్డనూ ఆరుబయట విడిగా పరిచి ఆరనివ్వండి, లేదా నీళ్లున్న ఇనుప డబ్బాలో వేసి మూత పెట్టండి.

చెక్క దారి: బిగించడం

ముందు దూలాలు. తుప్పు పూర్తిగా వదిలించి, ఎపాక్సీ ప్రైమర్, దాని మీద రంగు వేయండి. ఓక్‌లోని టానిన్ తడి ఇనుముకు తగిలితే చెక్క నల్లబారుతుంది. కాబట్టి దూలానికి రంగు లేని చోటు ఒక్కటీ మిగలకూడదు.

నడిమి పలకతో మొదలుపెట్టి రెండు వైపులకూ పరుచుకుంటూ వెళ్లండి. పలకల మధ్య సందు అన్నిచోట్లా ఒకేలా రావడానికి పట్టీ బోల్టు మెడ మందమున్న చెక్క ముక్కలు పెట్టుకోండి. చివరి రెండు పలకలు పక్క గోడల దగ్గర సరిపోకపోతే రెండింటినీ సమానంగా చిత్రిక పట్టండి. ఒకవైపే తగ్గిస్తే ఫ్లోర్ ఒక పక్కకు లాగినట్టు కనిపిస్తుంది. చిత్రిక పట్టిన అంచుకు మళ్లీ పూత వేయడం మరిచిపోవద్దు.

పట్టీలకు వాడేవి గుండ్రటి తల, చదరపు మెడ ఉన్న బోల్టులు, చాలా బండ్లలో 5/16 అంగుళం. చదరపు మెడ పట్టీలోని చదరపు బెజ్జంలో కూర్చుంటుంది కాబట్టి కింద నట్టు తిప్పేటప్పుడు బోల్టు తిరగదు. స్టెయిన్‌లెస్ బోల్టులైతే మరలకు యాంటీ సీజ్ రాయండి. రాయకపోతే నట్టు సగం దారిలో పట్టేసి, ఇక ముందుకూ వెనక్కీ కదలదు. ముందు అన్ని బోల్టులూ వేళ్లతో తిప్పి, కర్ణాలు మళ్లీ కొలిచి, సమానంగా ఉన్నాకే రెంచి పట్టుకోండి. నడిమి నుంచి బయటికి, కొంచెం కొంచెంగా. పట్టీ కింద చెక్క నలిగేంత బిగించవద్దు. పలక అడ్డంగా కాస్త కదలగలగాలి. బెడ్‌ని ఛాసిస్‌కి బిగించే పెద్ద బోల్టులు పలకల్లోంచే దిగే బండ్లలో, ఆ బెజ్జాలను బోల్టు కన్నా కాస్త పెద్దవిగా, పలక అడ్డంగా కదిలే దిక్కున పొడవుగా చేయండి. నెల తిరిగాక ఒకసారి అన్నీ బిగించి చూసుకోండి.

పాత బండికి కొత్త ఎగ్జాస్ట్ వేయించినవాళ్లు వేడి తగలకుండా మఫ్లర్‌కీ పలకలకీ మధ్య స్టీలు రేకు అడ్డు పెట్టండి. క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటే ఇది తప్పనిసరి.

స్టీలు దారి: కోసి అతకడం

చిల్లులు ఒకటి రెండు చోట్లే ఉండి, దూలాలు గట్టిగా ఉంటే ముక్క వేయించుకోండి. మూడు నాలుగు దూలాల వెంబడి చిల్లుల వరస కనిపిస్తే ముక్కల పని దండగ. దూలాలతో కలిసి వచ్చే పూర్తి ఫ్లోర్ కొని వేయడమే చవక.

వెల్డింగ్ ముందు జాగ్రత్తలు. బ్యాటరీ తీసేయండి. పెట్రోలు ట్యాంకు క్యాబ్‌లో ఉందా, కింద ఉందా అన్నది తెలుసుకుని, దగ్గరలో ఉంటే దింపి దూరంగా పెట్టండి. ఛాసిస్ వెంబడి పోయే పెట్రోలు గొట్టాలు, బ్రేక్ గొట్టాలు, తీగలు కప్పండి. రేకు శుభ్రం చేయడానికి క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ వాడొద్దు. వెల్డింగ్ వేడికి దానిలోంచి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. జింకు పూత ఉన్న రేకును వెల్డ్ చేసే ముందు ఆ చోట పూత గ్రైండ్ చేయండి, తలుపులు తెరిచి, మాస్కు పెట్టుకోండి.

పాత స్పాట్ వెల్డ్‌లను వాటి కోసం అమ్మే డ్రిల్లు బిట్‌తో పై రేకు మాత్రం తెగేలా తీయండి. చెడిన చోటుకు ఆనుకుని కాకుండా, రెండు మూడు అంగుళాలు అవతల, మంచి రేకు వచ్చేదాకా కోయండి. తుప్పు అంచుకు వెల్డ్ పట్టదు, కరిగి పెద్ద చిల్లవుతుంది. ముడతలు కలిసేలా ముక్క కొలవండి. దూలానికి అతికే చోట కొత్త రేకులో 8 మి.మీ. బెజ్జాలు వేసి, లోపలి ముఖాలకు వెల్డ్ చేయదగ్గ ప్రైమర్ పూసి, బెజ్జం నిండేలా వెల్డ్ చేయండి. మిగ్ మెషీన్‌లో 0.6 మి.మీ. తీగ, ఆర్గాన్ 75 శాతం, కార్బన్ డయాక్సైడ్ 25 శాతం గ్యాసు ఈ మందానికి బాగా కుదురుతాయి. ఒకేచోట గీత లాగకండి. ఇక్కడొక చుక్క, అరచేయి దూరంలో ఇంకో చుక్క, మళ్లీ అవతలి చివర. వేడి ఒకచోట పోగైతే రేకు అలలు తేలుతుంది, తర్వాత సరిచేయడం చాలా కష్టం.

అతుకులన్నీ గ్రైండ్ చేశాక ఎపాక్సీ ప్రైమర్, అతుకుల మీద సీమ్ సీలర్, తర్వాత రంగు. పైన స్ప్రే చేసే పాలీయూరియా లైనింగ్ నిజంగా మంచిది, సామాను జారదు, చప్పుడు తగ్గుతుంది. అయితే అది శుభ్రమైన ప్రైమర్ మీదే వేయించాలి. తుప్పు మీద వేయిస్తే తుప్పు కనబడకుండా పోతుందే తప్ప ఆగదు. దూలం లోపలి సందుల్లోకి సన్నటి గొట్టంతో కావిటీ వ్యాక్స్, అంటే తుప్పును ఆపే మైనం కొట్టించండి. స్టీలు ఫ్లోర్ ఆయుష్షుకు ఈ ఒక్క పనికి మించింది లేదు. ఇక నీరు పోయే బెజ్జాలు రంగుతో, లైనింగ్‌తో పూడిపోకుండా చూసుకోండి.

తర్వాత చూసుకోవలసినవి

చెక్కకు ఏటా ఒకసారి, వానలు మొదలవకముందు, టెయిల్‌గేట్ దగ్గర చివర్లు చూసి పూత పలచబడిన చోట మళ్లీ వేయండి. నీటి చుక్క పూస కట్టకుండా చెక్కలోకి ఇంకుతుంటే ఇక వాయిదా వేయొద్దు. స్టీలుకు చలికాలం ముగియగానే కింది నుంచి పైపుతో కడగండి, ముఖ్యంగా చక్రాల వెనక దూలాలను. ఏ ఫ్లోర్ అయినా బండి ఆపేటప్పుడు ముందుభాగం కాస్త ఎత్తులో ఉండేలా ఆపుకోండి. బెడ్‌లోని నీళ్లు టెయిల్‌గేట్ వైపు కారిపోతాయి. బెడ్ మీద కవర్ వేసేవాళ్లు తడి బెడ్ మీద వేయకండి, ఒక పూట ఆరనిచ్చి వేయండి.